మా బావిలో బంగాళాఖాతం

మొన్న శుక్రవారం నేనేం చేశానో చెప్తాను. నవ్వితే నవ్వండి, కానీ ముందు నోట్లో ఉన్న టీ మింగేసి నవ్వండి. సముద్రంలో వెయ్యాల్సిన వస్తువుని తీసుకెళ్ళి మా ఓనరమ్మ బావిలో వేశాను! చెయ్యి జారి పడిపోయిందనుకునేరు, కాదు. బాగా ఆలోచించి, తెలివిగా, పక్కింటివాళ్ళు గోడ మీంచి చూస్తుండగా వేశాను. అదే నా బాధ.

అసలు ఆ వస్తువు ఏంటో చెప్పాలి కదా. యానాంలో మా అమ్మ "మా శైలజ పాండిచ్చేరిలో సముద్రం ఆఫీసులో చేస్తోంది" అని అందరికీ చెప్తుంది. అంతకంటే బాగా నేనూ చెప్పలేను. పేరుకి ఇంజనీరుని, నా పని ఫ్లోట్లు. నా అంత పొడుగున్న పసుపుపచ్చ గొట్టం ఊహించుకోండి. నెత్తి మీద ఒక యాంటెన్నా, మెడలో ప్లాస్టిక్ చక్రం, ఒంటికి అక్కడక్కడా సెన్సర్లు. దీన్ని షిప్ మీంచి సముద్రంలో వదిలేస్తే ఇక మనిషి అక్కర్లేదు. తనే మునుగుతుంది, తనే తేలుతుంది. కడుపులో నూనె ఉంటుంది. ఆ నూనెని అడుగునున్న రబ్బరు సంచిలోకి తోస్తే సంచి ఉబ్బి పైకొస్తుంది, వెనక్కి లాక్కుంటే కిందకి పోతుంది. పైకొచ్చే దారిలో ఎంత లోతు దాకా వెలుతురు దిగుతోందో, నీళ్ళలో ఎంత పచ్చదనం ఉందో, ఎంత ఉప్పుందో కొలుచుకుంటూ వచ్చి, యాంటెన్నా బయటపెట్టి శాటిలైట్‌కి చెప్పేసి మళ్ళీ మునుగుతుంది. ఏళ్ళ తరబడి ఇదే పని. సెలవు అడగదు, పర్మిషన్ అడగదు.

ఆ రోజు సాయంత్రం నాలుగింటికి మా ఫ్లోట్‌ని చెన్నై హార్బర్‌కి తీసుకెళ్ళడానికి ఆఫీసుకి వ్యాన్ వస్తుంది. మర్నాడు పొద్దున్నే షిప్ బయల్దేరుతుంది. అది తప్పితే మళ్ళీ ఎప్పుడో ఎవరికీ తెలీదు. పైగా ఇది మొదట్నుంచీ నా ఒక్కదాని చేతుల మీదుగా వెళ్తున్న మొదటి ఫ్లోట్. నా ఉద్యోగం పర్మనెంట్ చేసే లెటర్ మా బాస్ కె.వి. సార్ టేబుల్ మీద సంతకం కోసం ఎదురుచూస్తోంది. అంటే, పరిస్థితి అర్థమైంది కదా!

పొద్దున సార్ పిలిచి, "శైలజా, లాస్ట్ టైమ్ ఒకసారి నీళ్ళలో పెట్టి చూసెయ్. మన ఆఫీసు ట్యాంకు లీకవుతోంది కాబట్టి మన ఊరి చేపల హార్బర్ జెట్టీ దగ్గరకి తీసుకెళ్ళు. తాడు కట్టి దింపు, చూడు, తీసెయ్. సింపుల్" అన్నారు.

"ఓకే సార్" అన్నాను.

ఆటోలో వెనక సీటంతా ఫ్లోటే పడుకుంది, నేను దాని పాదాల దగ్గర ఓ మూల ఒదిగి కూర్చున్నాను. బయట ఎండ మాడ్చేస్తోంది. జెట్టీ దగ్గర చేపల వేలం, ఐసు పెట్టెలు, జనం. వాళ్ళ మధ్య దీన్ని మోసుకుంటూ "జరగండన్నా, జరగండన్నా" అనుకుంటూ పోవడం కళ్ళ ముందు కనిపించింది. ఆటో సరిగ్గా సారం అనే పేటలో మా ఇంటి సందు దాటుతోంది. అప్పుడొచ్చింది ఐడియా.

సముద్రం దాకా ఎందుకు? ఇంట్లో బావి ఉండగా!

"అన్నా, ఆపండి ఆపండి! లెఫ్ట్ తిప్పండి!"

మా ఓనర్ల గురించి చెప్పాలి. రుక్మిణమ్మ, దేవరాజులు. తాతల నాటి నుంచీ ఇక్కడే ఉన్న తెలుగువాళ్ళు. ఆయన మిల్లులో పనిచేసి రిటైరయ్యాడు. నేను మేడ మీద అద్దెకుంటాను. మొదటి రోజు "ఆంటీ గారూ" అంటే, "గారూ గీరూ ఏంది పాపా, అత్తా అని పిలువు" అంది. అప్పట్నుంచి ఆవిడ అత్త, ఆయన మామ. పెరట్లో బావి ఉంది. అత్తకి ప్రాణం. మా సందులో సగం మంది పప్పు ఉడకాలంటే ఆ నీళ్ళే పట్టుకెళ్తారు. "కొళాయి నీళ్ళు నోట్లో పోసుకుంటే ఉప్పు. నా కెణరు నీళ్ళు చూడు, ఎళనీరు మాదిరి ఉంటాది" అని వచ్చినవాళ్ళందరికీ ఒక గ్లాసు ఇచ్చి మరీ చెప్తుంది. కెణరు అంటే బావి, ఎళనీరంటే కొబ్బరి నీళ్ళు. ఎనిమిది నెలలుగా రోజూ వింటున్నాను. విన్నాను గానీ, చదువుకున్న చదువుకి దాన్ని కలపలేదు. అక్కడే పప్పులో కాలేశాను.

ఆటోలోంచి దించుతుంటే అత్త నోరు తెరిచేసింది. "ఏందే పాపా ఇది? యాడ్నించి తెచ్చినావు? బాంబా?"

"కాదత్తా. సముద్రాన్ని కొలిచే మెషిన్. ఒక్క గంట మన బావిలో పెట్టి చూస్తాను."

"సముద్రాన్ని కొలిచేదానికి నా కెణరు యాల?"

"టెస్ట్ అత్తా. నీళ్ళు ఎక్కడైనా నీళ్ళే కదా!"

ఆ మాట గుర్తుపెట్టుకోండి. సముద్రశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసిన మనిషి నోట్లోంచి వచ్చిన మాట అది.

మామ వెంటనే చొక్కా విప్పేసి రంగంలోకి దిగాడు. "గిలక పట్టుకోండి మామా" అంటే "గిలక ఏంది?" అన్నాడు. "అదే, రాట్నం!" అన్నాక, "అట్ల చెప్పు" అని తాడు ఎక్కించాడు. నేను సెన్సర్ల మీద మూతలన్నీ తీశాను. టెస్ట్ ప్రోగ్రాం పెట్టాను. మునగాలి, కింద కాసేపు ఉండాలి, పైకి రావాలి. మొత్తం కలిపి గంట. చెక్‌లిస్టులో గడి గడికీ టిక్కు పెట్టాను. తాడు ముడి నేనే వేశాను. "నేను కట్టనా?" అని మామ అడిగాడు. "వద్దు మామా, ఇది టెక్నికల్" అన్నాను.

మెల్లగా దింపాం. బుడుంగుమంది. యాంటెన్నా మాత్రం బయటికి పెట్టుకుని తేలాలి కదా, తేలలేదు. యాంటెన్నా కూడా లోపలికి పోయింది. ఇదేంటబ్బా అని తాడు కాస్త లాగాను. అంతే, చేతిలో బరువు తేలికైపోయింది. తాడు సులువుగా పైకి వచ్చేసింది. తాడు చివర ఏమీ లేదు.

పసుపుపచ్చ గొట్టం ఏ తొందరా లేకుండా, నిలువుగా, హుందాగా కిందకి దిగిపోతూ కనిపించింది. తర్వాత కనిపించలేదు.

"తాడు ఊడిపోయినాది పాపా" అన్నాడు మామ.

అప్పుడే నేనూ బావిలోకి దూకేసేదాన్ని. కానీ పక్కింటివాళ్ళు చూస్తున్నారు. ఇంజనీరుని కదా! నవ్వు మొహం పెట్టి, "పర్లేదు మామా, దీనికసలు తాడే అక్కర్లేదు. సముద్రంలో ఎవరు కడతారు? టైముకి అదే పైకి వస్తుంది" అన్నాను.

"అదే వస్తాదా? పిలవకుండానే?" అంది అత్త.

"పిలవకుండానే."

అత్త మామ వైపు చూసింది. "మేలు. ఈ మనిషిని అన్నానికి నాలుగుసార్లు పిలవాల."

సరే, బావి గట్టు మీద ముగ్గురం కూర్చున్నాం. అత్త కాఫీ ఇచ్చింది. ఆ గంటంతా నేను లెక్చరు! సముద్రంలో కంటికి కనిపించని పచ్చటి మొక్కలుంటాయనీ, వాటికి ఎండ కావాలనీ, వాటిని తినే పురుగులూ, పురుగుల్ని తినే చేపలూ, చేపల్ని తినే మనమూ అందరం ఆ వెలుతురు మీదే బతుకుతున్నామనీ. ఈ ఫ్లోట్ ఒక బుల్లి నీలం లైటు వేసి ఆ పచ్చదనాన్ని కనిపెడుతుందనీ. మామ బుద్ధిగా తలూపుతూ విన్నాడు. అత్త మాత్రం, "అయితే నా కెణర్లో ఎంత పచ్చ ఉండాదో కూడా చెప్తాదా?" అని అడిగింది. "అంతా చెప్తుందత్తా!" అన్నాను గొప్పగా.

గంట అయింది. రాలేదు.

"వస్తుంది. కొంచెం అటూ ఇటూ అవుతుంది" అన్నాను.

గంటుంపావు. గంటన్నర. బావిలోకి వంగి చూస్తే నా మొహమే కనబడుతోంది, వెర్రిమొహం. సరిగ్గా అప్పుడు ఫోన్ మోగింది. కె.వి. సార్!

"ఏమ్మా, ఎలా ఉంది టెస్టు?"

"బాగా... లోతుకి వెళ్ళింది సార్."

"వెరీ గుడ్. మునగడం ప్రాబ్లమ్ లేదన్నమాట."

"మునగడంలో అస్సలు ప్రాబ్లమ్ లేదు సార్."

"హార్బర్లోనే ఉన్నావా? ఏంటి, అలల చప్పుడే వినపడటం లేదు?"

నేను మామ వైపు దీనంగా చూశాను. మిల్లులో మెషిన్ల మధ్య బతికిన మనిషి కదా, సైగ చాలు. పక్కనున్న నీళ్ళ తొట్టిలో రెండు చేతులూ పెట్టి జలజలా కొట్టడం మొదలెట్టాడు. అంతా బాగానే ఉంది, ఇంతలో వంటింట్లోంచి అత్త కుక్కరు కూతేసింది. ఒకటి కాదు, మూడు.

"ఆ విజిల్ ఏంటి?"

"బోటు సార్. బయల్దేరుతోంది."

"సరే సరే. నాలుగింటికల్లా ఆఫీసులో ఉండాలి" అని పెట్టేశారు. మామ చేతులు తుడుచుకుంటూ, "సముద్రం సరిగా వచ్చినాదా?" అని అడిగాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

ఇక లాభం లేదని అత్త పెరటి గోడకి వేలాడుతున్న పాతాళకరండి తీసుకొచ్చింది. తెలుసు కదా, బావిలో పడిన బిందెలు తీసే కొక్కేల గుత్తి. "వద్దత్తా, సెన్సర్లకి కొక్కెం తగిలితే పగిలిపోతాయి!" అన్నాను. నాకంటే గట్టిగా మామ అరిచాడు. "వద్దే! వద్దంటా ఉండాను కదా! గాజు సామాను! పాప ఉద్యోగం పోతాది!"

ఇంత ప్రేమ ఎప్పట్నుంచి అని నాకు ఆశ్చర్యమేసింది. కళ్ళు కూడా చెమర్చాయి.

"మెషిన్ ఈ పక్క కదా దిగింది, నేను ఆ పక్కన ఏసి చూస్తా" అని అత్త వేసేసింది. అటూ ఇటూ కదిపింది. ఏదో తగిలింది. మెల్లగా లాగింది. ముందు ఒక సన్నటి నైలాన్ తాడు వచ్చింది. తాడు వెంట ఒక ప్లాస్టిక్ సంచి. సంచిలో ఒక బ్రాందీ క్వార్టర్ బాటిలు. సగం ఖాళీ.

మామ ఆకాశం వైపు చూడసాగాడు, వర్షం ఎప్పుడొస్తుందో లెక్క కడుతున్నట్టు.

"ఇది ఎవురిది?" అంది అత్త.

"ఎవురో... ఏసిపోయినట్టు ఉండారు."

"ఎవురో యాడ్నించి వస్తారు నా కెణర్లోకి? ఫ్రిజ్జు అనుకున్నావా?"

"డాక్టరు కొంచెం కొంచెం..." అని మామ మొదలుపెట్టాడు గానీ, ఆ డాక్టరెవరో చెప్పేలోపే అత్త చూపుకి ఆగిపోయాడు. బాటిలు తీసుకెళ్ళి గట్టు మీద అందరికీ కనబడేలా నిలబెట్టింది. మామ నా వైపు చూశాడు. నేను మామ వైపు చూశాను. ఆ బావి ఇద్దరి కొంపా ఒకేసారి ముంచింది.

రెండు దాటింది. గోడ మీద తలకాయలు కూడా విసుగొచ్చి భోజనాలకి వెళ్ళిపోయాయి. అప్పుడొచ్చింది అంజలై.

అంజలైది వీరాంపట్టినం అనే జాలర్ల ఊరు. రోజూ పొద్దున గంప నెత్తిన పెట్టుకుని మా వీధుల్లో చేపలమ్ముతుంది. అన్నీ అమ్ముడుపోయాక, బస్సెక్కే ముందు మా పెరట్లోకి వచ్చి ఒక చెంబు బావి నీళ్ళు తాగి పోతుంది. అరవంలో తెలుగు కలిపి మాట్లాడుతుంది, చక్కగా అర్థమవుతుంది. ఖాళీ గంప దించి, మా మొహాలు చూసి, "ఏమి, ఎవురు పోయినారు?" అంది.

అత్త చెప్పింది. సముద్రంలో మునిగి తేలే మెషిన్ అంట, బావిలో ఏస్తే మునిగింది గానీ తేల్లేదు అంట.

అంజలై నీళ్ళు తాగడం ఆపి నన్ను చూసింది. "కడల్లో తేలేదాన్ని ఇందులో ఏసినావా?"

"అవును."

"మా పడవ కడల్లో ఉన్నప్పుడు ఇక్కడిదాకా ఉంటాది తణ్ణి." నడుం దగ్గర చెయ్యి పెట్టి నీళ్ళు ఎందాకా వస్తాయో చూపించింది. "ఏటి నోట్లోకి వస్తే ఇంకో జాన జాస్తి దిగుతాది. ఎందుకు? ఉప్పు తణ్ణి ఎత్తి పట్టుకుంటాది, మంచి తణ్ణి పట్టుకోదు. ఇది మా చిన్నబిడ్డకి కూడా తెలుసు. నువ్వు ఏం చదువుకున్నావు?"

నుదురు కొట్టుకున్నాను. సాంద్రత! డెన్సిటీ! ఆ ఫ్లోట్‌ని గ్రాములతో సహా ఉప్పునీటికి సరిపోయేట్టు తూచి చేస్తారు. మంచినీళ్ళలో అది అరకిలో పైన బరువైపోతుంది. లోపలున్న నూనెంతా తోసినా ఆ తేడా పూడదు. పాపం, అది కింద గంట నుంచీ సంచి ఉబ్బించుకుని, ఉబ్బించుకుని, నన్ను తిట్టుకుంటూ ఉండుంటుంది. చెక్‌లిస్టులో ఆ గడి ఎందుకు లేదంటారా? అలాంటి పొరపాటు చేసే మనిషికి ఫ్లోట్ ఇవ్వరని చెక్‌లిస్టు రాసినవాళ్ళు నమ్మారు మరి.

బట్టలుతికే రాయి మీద కూలబడి ఫోన్లో లెక్క కట్టాను. బావి వెడల్పు ఇంత, నీళ్ళ లోతు ఇంత... "నాలుగు బస్తాలు" అన్నాను.

"ఏంది నాలుగు బస్తాలు?" అంది అత్త.

"ఉప్పు అత్తా. నాలుగు బస్తాల ఉప్పు వేస్తే బావి నీళ్ళు సముద్రమంత ఉప్పవుతాయి. అప్పుడు తేలుతుంది."

అనేశాక గానీ ఏమన్నానో నాకు తెలీలేదు. అత్త బావిలోకి చూసింది. ఆ నీళ్ళతో ఆవిడ పెళ్ళైన దగ్గర్నుంచీ వంట చేస్తోంది. గట్టు రాయి మీద తాడు ఒరుసుకుని పడ్డ గాట్లు కూడా ఆవిడ చేతివే. చాలాసేపు చూసి, నా వైపు తిరిగి, "ఉద్యోగం పోతాదా పాపా నిజంగా?" అని అడిగింది.

"తెలీదత్తా. పోవచ్చు."

"అట్లయితే ఏసెయ్. నీళ్ళు మళ్ళీ ఊరతాయి. ఒక వానాకాలం పోతే శరి అయిపోతాది." మామ వైపు తిరిగి, "పో, ఉప్పు బండి యాడుందో చూడు" అంది.

అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు వచ్చేసింది నాకు. "వద్దత్తా, వద్దు" అంటుంటే అంజలై చిరాగ్గా చెంబు కింద పెట్టింది.

"అయ్యే, ఎందుకు ఏడుస్తారు? అరకిలో బరువే కదా అన్నావు?"

"నీళ్ళలో ఉన్నంతసేపూ అంతే."

"అరకిలో చేపని లాగేదానికి ఉప్పు ఎందుకు? తాడు ఇవ్వు. దానికి మెడ ఉందా?"

ఉంది! ప్లాస్టిక్ చక్రం ఉంది! దాని కింద ఉచ్చు బిగిస్తే చాలు. నేను తాడు అందించాను. దాని చివర ఇంకా నా టెక్నికల్ ముడి ఆనవాళ్ళు ఉన్నాయి. అంజలై దాన్ని వేళ్ళతో పట్టుకుని, "ఇది ముడా, జడా?" అంది. మామ ఒక్కడే నవ్వాడు, వెంటనే బాటిలు గుర్తొచ్చి ఆపేశాడు.

కానీ ఉచ్చు వెయ్యాలంటే కిందది కనబడాలి కదా. బావి లోపలంతా చీకటి. ఈసారి ఐడియా అత్తది. గదిలోకి వెళ్ళి గోడకున్న నిలువుటద్దం తీసుకొచ్చింది. అంచు పొడుగునా పాత బొట్టుబిళ్ళలు అంటించి ఉన్నాయి. మామ చేతికిచ్చి, "పట్టుకో. ఎండని లోపలికి కొట్టు. చెయ్యి కదిలితే చూడు" అంది. మామ ప్రాయశ్చిత్తం దొరికినట్టు అద్దం పట్టుకున్నాడు. ఎండ ఒక పలకలా బావిలోకి దిగింది. నీళ్ళు పచ్చగా వెలిగాయి, అడుగున పసుపుపచ్చ తల కనిపించింది! నిటారుగా నిలబడి ఉంది. దాని ఒంటి మీద నీలం లైటు అప్పుడప్పుడు మెరుస్తోంది. పని చేస్తోంది పిచ్చిది. ఎవరు చూసినా చూడకపోయినా కొలుచుకుంటూనే ఉంది.

అంజలై కొంగు దోపుకుని గట్టు మీద బోర్లా పడుకుంది. ఉచ్చుకి ఒక రాయి కట్టి వదిలింది. "ఎడమ పక్క! కొంచెం కిందికి! అద్దం కదిలించొద్దు!" అని మేం ముగ్గురం అరుస్తుంటే, "నోరు ముయ్యండి, చేప బెదురుతాది" అంది. మొదటిసారి జారింది. రెండోసారి యాంటెన్నాకి తగిలింది, నేను కళ్ళు మూసేసుకున్నాను. మూడోసారి ఉచ్చు తల మీంచి దిగి, చక్రం దాటి, మెడ కింద బిగిసింది.

నీళ్ళలో ఉన్నంతసేపూ ఒంటిచేత్తో లాగేసింది. నీళ్ళు దాటాక మాత్రం అసలు బరువు తెలిసింది. నలుగురం రాట్నం తాడు పట్టుకుని "ఏలేలో" అంటూ లాగాం. మూడుంపావుకి ఫ్లోట్ గట్టెక్కింది. ఒంటి నిండా నాచు, సెన్సర్లకి ఒక్క గీత లేదు. బట్టల రాయికి ఆనించి నిలబెట్టి, మంచినీళ్ళతోనే కడిగాను. ఇంకెందుకు సిగ్గు! అత్త దానికి దిష్టి తీస్తానంది. టైం లేదన్నాను. అయినా తీసింది. అంజలై ఆఖరి చెంబు తాగేసి, "ఇంకోసారి కడల్ దగ్గరికే రా. దూరమేమీ లేదు" అని గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది.

నాలుగుకి ఐదు నిమిషాల ముందు నేను ఆఫీసులో ఉన్నాను. వ్యాన్ ఎక్కించాను. సార్ వచ్చి, "టెస్టు?" అన్నారు. "అంతా బ్రహ్మాండం సార్" అన్నాను. "గుడ్" అన్నారు. వ్యాన్ కదిలింది. నేను వాష్‌రూమ్‌లోకెళ్ళి అద్దంలో నన్ను నేను చూసుకుంటే జుట్టులో నాచు!

ఇక్కడితో అయిపోతే నేను మీకసలు చెప్పేదాన్నే కాదు. కడుపులోనే దాచుకునేదాన్ని.

నేను మర్చిపోయింది ఏంటంటే, ఫ్లోట్ పని పైకొచ్చాక శాటిలైట్‌కి చెప్పడం. బట్టల రాయి దగ్గర ఎండలో నిలబెట్టానా? అది దాని పని అది చేసేసింది. ఆకాశం కనబడగానే, కొలిచిందంతా గడగడా పంపేసింది. అక్కణ్ణుంచి మా డేటా కూడా మిగతా దేశాల ఫ్లోట్ల డేటాతో పాటు ఆటోమేటిక్‌గా ఒకచోట చేరుతుంది. అక్కడ కూర్చుని ఒక్కో నంబరూ చూసేవాళ్ళు ఉంటారు.

సోమవారం పొద్దున సార్ పిలిచారు. లాప్‌టాప్ నా వైపు తిప్పారు. ఎవరో పరాయి దేశపు పెద్దాయన చాలా మర్యాదగా ఇంగ్లీషులో రాశాడు. సారాంశం ఇది: మీ కొత్త ఫ్లోట్ మొదటి కొలతలు అందాయి, సంతోషం. కానీ కొన్ని సందేహాలు. మీ సముద్రంలో ఉప్పు లేదు. మామూలుగా లోతుకి వెళ్ళేకొద్దీ వెలుతురు తగ్గుతుంది, మీ దగ్గర అడుగునే ఎక్కువగా ఉంది, అది కూడా అటూ ఇటూ ఊగుతోంది. పచ్చదనం మేం ఏ సముద్రంలోనూ చూడనంత. పైగా ఫ్లోట్ ఉన్న చోటు మ్యాపులో చూస్తే ఊరి మధ్యలో, ఇళ్ళ నడుమ కనబడుతోంది. మీ ప్రాంతానికేమైనా వరద వచ్చిందా? మీరంతా క్షేమమే కదా?

సార్ కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. "మనం క్షేమమే కదా శైలజా?"

మొత్తం చెప్పేశాను. కుక్కరు విజిల్‌తో సహా. అద్దం దగ్గరికి వచ్చేసరికి సార్ కుర్చీ వెనక్కి తిప్పేసుకుని గోడ వైపు చూస్తూ కూర్చున్నారు. భుజాలు మాత్రం ఊగుతున్నాయి. ఇటు తిరిగేసరికి మొహం మళ్ళీ బాస్ మొహమే.

"వాళ్ళకి జవాబు రాయాలి. ఫారం ఉంది. నువ్వే నింపు" అన్నారు.

ఫారంలో "తప్పుకి కారణం" అని ఒక లిస్టు. సెన్సర్ పాడైంది. బ్యాటరీ పాడైంది. నేలకి తగిలింది. ఇతరం. "ఇతరం" నొక్కాను. వెంటనే కింద ఒక ఖాళీ గడి తెరుచుకుంది, వివరాలు రాయమని. చాలాసేపు ఆలోచించాను. ఏం రాసినా అబద్ధమే అవుతోంది. చివరికి ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో ఇలా రాశాను: "పరికరంలో అన్నీ సరిగ్గా పనిచేస్తున్నాయి. ఇంజనీరుకే రిపేరు అవసరం."

సార్ నా భుజం మీంచి చదివారు. ఒక్క అక్షరం కూడా మార్చకుండా అప్రూవ్ నొక్కేశారు.